పేరు పెట్టి ఇచ్చిన డబ్బు ఆ పేరు మీదే ఉందా?

సంపాదకులకు నమస్కారం.

పిల్లల మ్యూజియం తెరిచిన రోజు పత్రికల్లో ఫొటో తప్పకుండా వస్తుంది. నీళ్ళతో ఆడుకోవడానికి పెట్టిన నీళ్ళ బల్ల దగ్గర మోచేతుల దాకా తడుపుకున్న పిల్లలు, రిబ్బను, దాతల పేర్లు చెక్కిన పలక. నాలుగైదేళ్ళ తర్వాత అదే నీళ్ళ బల్ల మీద ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితం అంటించి ఉంటే అది వార్త కాదు. కానీ ఆ కాగితం వెనక ఒక లెక్క ఉంటుంది. లాభాపేక్ష లేని సంస్థల ఖాతాలు రాసేవాళ్ళుగా, తనిఖీ చేసేవాళ్ళుగా ఆ లెక్క గురించే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇలాంటి సంస్థలో జవాబుదారీతనం అనగానే జనం ముందుగా అడిగేది ‘ఎవరైనా తిన్నారా?’ అని. అడగాల్సిందే. అయితే అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఫలానా పనికని పేరు పెట్టి ఇచ్చిన డబ్బు ఇవాళ ఆ పేరు మీద ఉందా, లేదా? ఎవరూ జేబులో వేసుకోకుండానే ఆ డబ్బు జీతాలకూ కరెంటు బిల్లుకూ కరిగిపోవచ్చు. కరిగిన సంగతి వార్షిక నివేదికలో ఎక్కడా కనబడకపోవచ్చు.

మ్యూజియం బ్యాంకు ఖాతాలో పడ్డాక డబ్బంతా ఒకేలా కనిపిస్తుంది. ఒక లెక్క వేసుకుని చూద్దాం. ఖాతాలో 90 లక్షలు ఉన్నాయనుకోండి. అందులో 50 లక్షలు ఒక దాత కొత్త నీళ్ళ గ్యాలరీ కట్టమని ఇచ్చినవి. 15 లక్షలు టికెట్ కొనలేని బడిపిల్లల్ని బస్సుల్లో తీసుకురమ్మని ఇంకొకరు ఇచ్చినవి. 20 లక్షలు ఏడాది సభ్యత్వాలకు ముందే కట్టించుకున్నవి, ఆ కుటుంబాలు ఇంకా రావాల్సే ఉంది. 3 లక్షలు రాబోయే పుట్టినరోజు పార్టీలకు తీసుకున్న అడ్వాన్సులు. అన్నీ కూడితే 88. మ్యూజియం సొంతమని చెప్పుకోగలిగింది 2 లక్షలే. నెల ఖర్చు 12 లక్షలైతే ఆ 2 లక్షలు అయిదు రోజులకు సరిపోతాయి. ఇదే మ్యూజియం పాలకమండలి సమావేశంలో ‘బ్యాంకు నిల్వ 90 లక్షలు’ అని ఒక్క వాక్యం చదివితే అందరూ నిశ్చింతగా తలూపి తర్వాతి అంశానికి వెళ్ళిపోతారు.

ఆ వాక్యంలో అబద్ధం లేదు. చిక్కంతా అక్కడే. నెలాఖరుకు జీతాలు ఇవ్వాలి, టికెట్ల రాబడి తగ్గింది, గ్యాలరీ పని ఎలాగూ ఆరు నెలల తర్వాత కదా అని అందులోంచి కొంత వాడతారు. వచ్చే సెలవుల్లో పిల్లలు ఎక్కువగా వస్తారు, తిరిగి వేసేద్దాం అనుకుంటారు. సెలవులు వస్తాయి, రాబడీ వస్తుంది, దానితో పాటే పాత బకాయిలు కూడా వస్తాయి. చివరికి గ్యాలరీ ఎప్పుడు కడతారని దాత అడిగేనాటికి, మరో దాత వేరే పనికిచ్చిన డబ్బుతో దాన్ని మొదలుపెడతారు. ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి తవ్వినట్టే.

దీన్ని ఆపే పద్ధతి కష్టమైందేమీ కాదు. విరాళం తీసుకునేటప్పుడే చిన్న ఒప్పంద పత్రం రాసుకోవాలి: డబ్బు దేనికి, ఎప్పటిలోగా వాడాలి, ఆ పని చేయలేకపోతే ఏం చెయ్యాలి, అందులో ఎంత శాతం నిర్వహణ ఖర్చుకు పోవచ్చు. ఈ చివరి అంకెను ముందే మాట్లాడుకోవడానికి మొహమాటపడతారు. తర్వాత చాటుగా తీసుకోవడం కంటే ఆ మొహమాటమే నయం. ఆ తర్వాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి విరాళానికీ ఒక కోడ్ ఇవ్వాలి. ఖర్చు వోచరు మీద ఆ కోడ్ ఉండాలి. కోడ్ లేని వోచరును పేరు పెట్టిన నిధి నుంచి చెల్లించకూడదు. నిధులకు విడిగా ఒక బ్యాంకు ఖాతా, దానికి ఇద్దరి సంతకాలు, అందులో ఒకరు మ్యూజియంలో జీతం తీసుకోని ట్రస్టీ. నెలనెలా ఒకే ఒక్క పేజీ: ప్రతి నిధికీ నెల మొదట్లో ఎంత, వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత. అడుగున మొత్తం. ఆ మొత్తం పక్కనే బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని నిల్వ. రెండూ కలవకపోతే ఎందుకు కలవలేదో రాయాలి, ఎవరు రాశారో సంతకం చెయ్యాలి.

ఈ పేజీని మూడు నెలలకోసారి మ్యూజియం తన వెబ్‌సైట్‌లో పెట్టాలని మేము అడుగుతున్నాం. దాతల పేర్లు అక్కర్లేదు, నిధి పేరు చాలు. విరాళం ఇచ్చినవాడు పేరు దాచుకోవడంలో తప్పు లేదు. డబ్బు పోయిన దారి దాచడం తప్పు.

సభ్యత్వాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మంచి అకౌంటెంట్లు కూడా పొరబడతారు. ఒక కుటుంబం డిసెంబరు 1న ఏడాది సభ్యత్వానికి 1,200 కట్టిందనుకుందాం. ఖాతాల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. అప్పటికి నాలుగు నెలల సేవ అందింది కాబట్టి ఆదాయం 400. మిగిలిన 800 ఆ కుటుంబానికి మ్యూజియం బాకీ. బ్యాలెన్స్ షీట్‌లో అది అప్పుల వైపు ఉండాలి. మొత్తం 1,200నూ ఆదాయంగా చూపిస్తే ఆ ఏడాది మిగులు ఎక్కువ కనిపిస్తుంది, వచ్చే ఏడాది ఎనిమిది నెలలు ఆ కుటుంబం ఉచితంగా వచ్చి ఆడుకున్నట్టవుతుంది. ఏడాది చివర్లో డిస్కౌంటు పెట్టి సభ్యత్వాలు జోరుగా అమ్మిన మ్యూజియంలో ఈ తేడా చాలా పెద్దది. జీవితకాల సభ్యత్వం మరీ ప్రమాదం. డబ్బు ఒక్కసారే వస్తుంది, బాధ్యత ఏళ్ళ తరబడి నడుస్తుంది. దాన్ని అసలు కదపకుండా ఉంచే మూలనిధిలో వేసి, దాని మీద వచ్చే రాబడి మాత్రమే వాడాలి, లేదా ఇన్నేళ్ళని ముందుగా నిర్ణయించి ఏటా కొంత చొప్పున ఆదాయంలోకి తీసుకోవాలి. 2020లో కరోనాతో తలుపులు మూసినప్పుడు, సభ్యత్వ డబ్బు ముందే ఖర్చు పెట్టేసుకున్న సంస్థ ఎదుట రెండే దారులు: గడువు పొడిగించడం, లేదా డబ్బు వెనక్కివ్వడం. రెండింటికీ కావాల్సింది ముందు దాచిపెట్టిన డబ్బే.

ఇప్పుడు ఆ ‘మరమ్మతులో ఉంది’ కాగితం దగ్గరకొద్దాం. పిల్లల మ్యూజియం తక్కిన మ్యూజియాల లాంటిది కాదు. ప్రపంచంలో మొదటిదిగా చెప్పే బ్రూక్లిన్ పిల్లల మ్యూజియం 1899లో, బోస్టన్‌ది 1913లో, ఇండియానాపోలిస్‌ది 1925లో మొదలయ్యాయి. 1960లలో మైకేల్ స్పాక్ డైరెక్టరుగా ఉన్నప్పుడు బోస్టన్ మ్యూజియం వస్తువుల్ని అద్దాల పెట్టెల్లోంచి బయటికి తీసి పిల్లల చేతికిచ్చింది. అది చదువు చెప్పే పద్ధతిలో వచ్చిన మార్పే కాదు, ఖర్చు స్వభావాన్నే మార్చేసింది. అద్దం వెనక ఉన్న నాణెం వందేళ్ళున్నా అరగదు. పిల్లల చేతికిచ్చిన పంపు పిడికి మాత్రం ప్రతిరోజూ ఎంతో కొంత అరుగుదల తప్పదు.

నీళ్ళ బల్లనే తీసుకోండి. దాత డబ్బిచ్చేది కట్టడానికి. కట్టాక పంపు రోజంతా తిరుగుతుంది. జల్లెడలో స్పాంజి ముక్కలు, వెంట్రుకలు, పక్క గదిలోని ఇసుక చేరతాయి. దాన్ని రోజూ తీసి కడగకపోతే పంపు వేడెక్కి ఆగిపోతుంది. నీటిలో క్లోరిన్ మోతాదు రోజులో పలుమార్లు పరీక్షించి పుస్తకంలో రాయాలి. ఫిల్టర్లు మార్చాలి. నీళ్ళు చింది నేల జారుతుంది కాబట్టి తుడవడానికి ఒక మనిషి అక్కడే ఉండాలి. పిల్లలకు తొడిగే నీరంటని ఏప్రన్లు చిరుగుతాయి, వాటిని ఉతకాలి, ఆరబెట్టాలి. అక్రిలిక్ పలకలు గీతలు పడి మసకబారతాయి. ఈ ఖర్చులకు పలక మీద పేరు చెక్కరు, అందుకే వీటికి దాతలు దొరకరు. బడ్జెట్ బిగించాల్సి వచ్చినప్పుడు ముందుగా కోత పడేదీ వీటికే.

ఖాతాల్లో తరుగుదల అనేది ఉన్నది ఇందుకోసమే. 35 లక్షలు పెట్టి కట్టిన ప్రదర్శన ఏడేళ్ళు పనిచేస్తుందనుకుంటే ఏటా 5 లక్షలు తరుగుదల. కానీ తరుగుదలకు చెక్కు రాయాల్సిన పని లేదు, ఆ నెల బ్యాంకులోంచి ఏమీ పోదు. అందుకని ‘ఇది నగదు ఖర్చు కాదు కదా’ అని పక్కన పెట్టి, ‘తరుగుదలకు ముందు మిగులు’ అని ఒక అంకె చూపించడం అలవాటైపోయింది. ఆ మిగులు నిజం మిగులు కాదు. ఏడో ఏడు బల్ల పాడైనప్పుడు కొత్తది కట్టడానికి పైసా ఉండదు. మళ్ళీ దాతల ఇళ్ళ చుట్టూ తిరగాలి, ఈలోపు పిల్లలు ఆ కాగితం చదువుకోవాలి. తరుగుదల మొత్తంలో కనీసం సగమైనా ఏటా విడిగా ఒక మరమ్మతు నిధిలో నగదుగా వెయ్యాలన్నది మా గట్టి అభిప్రాయం. వేశారా లేదా అన్నది ప్రకటించాలి. దీనితో పాటు ఇంకో చిన్న అంకె: ఈ వారం ఎన్ని ప్రదర్శనలు పనిచెయ్యడం లేదు, ఒక్కోటి ఎన్ని రోజులుగా? ఖాతాలు చదవడం రాని తల్లిదండ్రులకు కూడా మ్యూజియం ఆర్థిక స్థితి ఈ అంకెలో తెలుస్తుంది. మేమైతే ఆడిట్ రిపోర్టు కంటే ముందు దీన్నే అడుగుతాం.

భవనం అప్పు గురించి ఒక పాఠం ఇప్పటికే బహిరంగ రికార్డులో ఉంది. ఫిలడెల్ఫియాలోని ‘ప్లీజ్ టచ్ మ్యూజియం’ 1976లో మొదలైంది. 2008లో మెమోరియల్ హాల్ అనే పెద్ద చారిత్రక భవనంలోకి మారింది. అందుకు 6 కోట్ల డాలర్ల మేర బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్మి అప్పు చేశారు. విరాళాలు సేకరించి వాటిని తీరుద్దామన్నది ఆలోచన. అది ఆర్థిక సంక్షోభం వచ్చిన ఏడాది. విరాళాలు అనుకున్నంత రాలేదు. 2015 సెప్టెంబరులో మ్యూజియం దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్ళింది. బాండ్లు కొన్నవాళ్ళు రావాల్సినదానికంటే బాగా తక్కువకు ఒప్పుకున్నాక 2016లో బయటపడింది. తలుపులు మాత్రం మూయలేదు, ఇప్పటికీ నడుస్తోంది. పిల్లలు మ్యూజియానికి రాకపోవడం వల్ల వచ్చిన కష్టం కాదది. విరాళం ఇస్తామని మాట వచ్చిన డబ్బుకూ, చేతికి అందిన డబ్బుకూ మధ్య ఉన్న దూరాన్ని అప్పుతో దాటబోవడం వల్ల వచ్చింది.

కాబట్టి కొత్త భవనం ప్రచారం మొదలుపెట్టిన ప్రతి మ్యూజియమూ ‘ఇంత సేకరించాం’ అనే ఒక్క అంకె చెప్పి ఊరుకోకూడదు. నాలుగు అంకెలు విడివిడిగా చెప్పాలి: చేతికొచ్చిన నగదు, సంతకం చేసి వాయిదాల్లో ఇస్తామన్నది, నోటిమాటగా ఇస్తామన్నది, అప్పు. ఈ నాలుగూ కలిపేసి చూపిస్తే అది కాకిలెక్కే. వాయిదా విరాళాల్లో కొన్ని రావు, దాతల పరిస్థితులు మారుతుంటాయి. అందుకని వాటిలో కొంత రాదనే లెక్కలో ముందే తగ్గించి చూపాలి. కొత్త భవనం తెరిచిన మొదటి ఏడాది సందర్శకుల సంఖ్య బాగా ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. మొదటి ఏడాది టికెట్ల రాబడి చూసి అయిదేళ్ళ వాయిదాలు లెక్కగడితే రెండో ఏడే తేడా బయటపడుతుంది. అందుకే మూడో ఏడాది అంచనాతోనే వాయిదాలు కట్టగలరా అని చూడాలి.

సందర్శకుల సంఖ్యను కూడా నమ్మేముందు విడదీయమనండి. డబ్బిచ్చి టికెట్ కొన్నవాళ్ళెంత, సభ్యులెంత, బడి బృందాలెంత, ఉచితంగా వచ్చినవాళ్ళెంత? భోజనానికి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చిన పిల్లవాణ్ణి రెండుసార్లు లెక్కపెట్టారా? మ్యూజియం సిబ్బంది బడికి వెళ్ళి చెప్పిన పాఠం విన్నవాళ్ళను కూడా సందర్శకుల్లో కలిపారా? ఈ అంకె చూసే గ్రాంట్లు ఇస్తారు, అందుకే ఇది ఉబ్బుతుంది. కౌంటరు దగ్గర రోజు ముగిశాక మూడు అంకెలు కలవాలి: టికెట్ సాఫ్ట్‌వేర్ చెప్పే అమ్మకం, గల్లాపెట్టెలోని నగదూ కార్డు చెల్లింపులూ, మర్నాడు బ్యాంకులో పడ్డది. రద్దు చేసిన టికెట్‌కు కౌంటరులో కూర్చున్నవారు కాక ఇంకొకరి ఆమోదం కావాలి. ఉచిత పాసులకు వరుస నంబర్లుండాలి, ఎవరికిచ్చారో పుస్తకంలో ఉండాలి.

ఇక తలుపు దగ్గర పెట్టే పారదర్శకమైన హుండీ. పిల్లలు నాణెం వేస్తే గిరగిరా తిరుగుతూ లోపల పడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. మొత్తం రాబడిలో దాని వాటా చిన్నదే కావచ్చు, కానీ సంస్థ క్రమశిక్షణ ఎలా ఉందో అక్కడ తెలిసిపోతుంది. దానికి రెండు తాళాలుండాలి, రెండు తాళంచెవులు ఇద్దరి దగ్గర. ఆ ఇద్దరిలో ఎవరూ ఖాతాలు రాసేవారు కాకూడదు. వారంలో ఒక నిర్ణీత రోజున, కెమెరా కనబడేచోట, ఇద్దరూ కలిసి తెరవాలి. నోట్లు ఏ విలువవి ఎన్ని, నాణేలు ఎన్ని అని ముద్రించిన కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చెయ్యాలి. డబ్బు సీలు సంచిలో పెట్టి, సీలు నంబరు అదే కాగితం మీద రాయాలి. మర్నాడే బ్యాంకులో కట్టి, చలానా ఆ కాగితానికి పిన్ చెయ్యాలి. మూడో మనిషి వాటిని బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి. ఎక్కడ తప్పుతుందంటే, సిబ్బంది తక్కువని ఒక్కరే తెరిచి, ఒక్కరే లెక్కపెట్టి, ఒక్కరే కట్టి, ఒక్కరే పుస్తకంలో రాస్తారు. లేదా టికెట్ కౌంటరులో చిల్లర అయిపోయిందని హుండీలోంచి తీసి, తర్వాత నోటు వెయ్యడం మర్చిపోతారు. ఇద్దరుండాలన్న నియమం ఎవరినో అనుమానించడానికి పెట్టింది కాదు. రేపు లెక్క తగ్గితే నిజాయితీగా పనిచేసే ఉద్యోగి మీద నింద పడకుండా కాపాడేది అదే. నూరుమంది సందర్శకులకు హుండీలో సగటున ఎంత పడుతోందో నెలనెలా రాసుకుంటే, ఏ నెలైనా అకారణంగా తగ్గినప్పుడు వెంటనే కనబడుతుంది.

విరాళాల సేకరణకు విందు, వేలంపాట లాంటివి పెట్టినప్పుడు చూపే అంకెదీ ఇలాంటి కథే. 40 లక్షలు సేకరించామంటారు. హాలు, భోజనాలు, వేదిక, ముద్రణకు 28 లక్షలు పోయాయనుకోండి, పిల్లలకు మిగిలింది 12. అందులోనూ సిబ్బంది రెండు నెలలు ఈ పనిమీదే ఉన్న జీతాలు కలపలేదు. చెప్పేటప్పుడు మూడు అంకెలూ ఒకే వాక్యంలో చెప్పాలి.

బంధుత్వాల గురించి మాట్లాడటానికి అందరూ ఇబ్బందిపడతారు. చిన్న సంస్థలో ట్రస్టీలు తెలిసినవాళ్ళే ఉంటారు. ప్రదర్శన తయారుచేసే కంపెనీ ఒక ట్రస్టీ తమ్ముడిది కావచ్చు, భవనం ఇంకొకరిది కావచ్చు. అలా కొనడం ప్రతిసారీ తప్పు కాదు, ఒక్కోసారి చవక కూడా. చెప్పకుండా కొనడం తప్పు. ఏటా ప్రతి ట్రస్టీ, ప్రతి పెద్ద ఉద్యోగి తమ వ్యాపార, కుటుంబ సంబంధాలు రాసిచ్చే ఫారం ఉండాలి. ఆ విషయం చర్చకు వచ్చినప్పుడు సంబంధమున్నవారు ఓటు వెయ్యకపోవడమే కాదు, గదిలోంచి బయటికి వెళ్ళాలి. వెళ్ళారని, ఎన్ని నిమిషాల తర్వాత తిరిగొచ్చారని మినిట్స్‌లో రాయాలి.

మూడు కొటేషన్లు తీసుకోవాలనే నియమం ఇక్కడ ఒక్కటే చాలదు. ప్రదర్శనలు సొంత ఊహతో తయారయ్యేవి, ఒకరి కొటేషన్ ఇంకొకరి దానితో పోల్చలేం. ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర చెప్పి ఉంటారు. అందుకే ముందు మ్యూజియమే వివరాలు రాసుకోవాలి: కొలతలు, వాడే చెక్క లేదా ఉక్కు మందం, ఎంతమంది పిల్లలు ఒకేసారి ఎక్కినా తట్టుకోవాలి, మూలలు ఎంత గుండ్రంగా ఉండాలి, విడిభాగాలు ఎన్ని ఇవ్వాలి, డ్రాయింగులు ఎవరి సొంతం. డ్రాయింగులు తయారీదారు దగ్గరే ఉండిపోతే చిన్న చక్రం విరిగినా అతన్నే పిలవాలి, అతను అడిగినంత ఇవ్వాలి. డబ్బు దశలవారీగా చెల్లించాలి: ఉదాహరణకు ఒప్పందానికి 30 శాతం, సగం తయారైనప్పుడు 40, బిగించాక 20. మిగిలిన 10 శాతం పిల్లలు నిజంగా 90 రోజులు వాడాక. వర్క్‌షాపులో పెద్దవాళ్ళు తిప్పి చూసిన చక్రం వేరు, సెలవు రోజున వందలమంది పిల్లలు తిప్పిన చక్రం వేరు. ఆ 10 శాతం చేతిలో లేకపోతే పిలిచినా తయారీదారు రాడు.

‘మీరిచ్చిన ప్రతి నూటిలో తొంభై పిల్లలకే’ అని ప్రచార కాగితం మీద చూసినప్పుడల్లా మాకు దిగులేస్తుంది. ఆ శాతం ఖర్చుల్ని ఎలా పంచారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. డైరెక్టరు జీతం మొత్తం ‘కార్యక్రమాలు’ కింద వేసేస్తే శాతం పెరిగిపోతుంది. సరిగ్గా చెయ్యాలంటే భవనం ఖర్చును చదరపు అడుగుల్ని బట్టి, సిబ్బంది జీతాన్ని వాళ్ళు రాసిన పనిగంటల్ని బట్టి పంచాలి, ఆ పద్ధతిని ఏటా మార్చకూడదు. ఇంకో మాట కూడా కచ్చితంగా చెప్పాలి: అర్హత ఉన్న అకౌంటెంటుకు జీతమివ్వడం దుబారా కాదు. ఆ ఉద్యోగం ఖాళీగా ఉంచి పొదుపు చేశామనుకున్న సంస్థలోనే మేం పైన చెప్పినవన్నీ జరుగుతాయి.

అమెరికాలో ఇలాంటి సంస్థలు ఏటా పన్నుల శాఖకు ఇచ్చే ఫారం 990 ఈ విషయంలో మంచి నమూనా. గత మూడేళ్ళ ఫారాలు ఎవరడిగినా చూపాలి. డైరెక్టర్లు, ముఖ్య ఉద్యోగుల జీతాలు పేరుపేరునా ఉంటాయి. ట్రస్టీలతోనూ వాళ్ళ బంధువులతోనూ జరిగిన లావాదేవీలకు విడిగా ఒక షెడ్యూలు, అంటే అనుబంధ పత్రం, ఉంది. ఆస్తులేవైనా పెద్ద మొత్తంలో పక్కదారి పట్టినట్టు తెలిసిందా అని సూటిగా ఒక ప్రశ్న ఉంది. ఫిర్యాదు చేసినవారికి రక్షణ విధానం ఉందా, దాఖలు చేసేముందు పాలకమండలి సభ్యులందరికీ ఈ ఫారం ఇచ్చారా అని కూడా అడుగుతుంది. వరుసగా మూడేళ్ళు దాఖలు చెయ్యకపోతే పన్ను మినహాయింపు దానంతటదే పోతుంది. అక్కడే 2016లో వచ్చిన అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం రాబోయే ఏడాది ఖర్చులకు నిజంగా వాడుకోదగ్గ డబ్బు ఎంత ఉందో ఖాతాలకు జతచేసే వివరణల్లో, అంటే నోట్స్‌లో, చెప్పాలి. 90 లక్షలా, 2 లక్షలా అన్న మన ఉదాహరణకు జవాబు ఆ నోట్‌లోనే ఉంటుంది. ఏ దేశంలో చట్టం అడిగినా అడక్కపోయినా, ఈ వివరాలు తనంతట తానే ఇవ్వకూడదని ఏ మ్యూజియాన్నీ ఎవరూ ఆపలేదు.

ఆడిట్ జరిగింది కదా అని సరిపెట్టుకోకండి. ఆడిటర్ చూసేది నమూనాగా కొన్ని లావాదేవీలు. మోసం వెతకడం ఆయన ప్రధాన పని కాదు. రిపోర్టులో మొదటి పేజీ కంటే నోట్స్ ముందు చదవాలి. సంస్థ ముందు ముందు నడవగలదా అన్న సందేహం, బంధువులతో లావాదేవీలు, షరతులున్న నిధుల వివరం అక్కడే ఉంటాయి. ఆడిటర్ విడిగా యాజమాన్యానికి లోపాలు ఎత్తిచూపుతూ ఒక లేఖ ఇస్తారు. పాలకమండలి దాన్ని చూసిందా, నిరుడు చెప్పిన లోపమే మళ్ళీ ఈ ఏడాదీ ఉందా అని అడగాలి. డైరెక్టరు గదిలో లేకుండా ట్రస్టీలు ఏటా ఒక అరగంటైనా ఆడిటర్‌తో మాట్లాడాలి. ఏటా రావాల్సిన సమయానికి ఖాతాలు రాకపోతే అది కూడా ఒక సమాచారమే.

సంపాదకులుగా మీరు చెయ్యగలిగింది ఒకటుంది. మీ విలేకరులు పిల్లల మ్యూజియం వార్తకు వెళ్ళినప్పుడు, ఫొటో తీసుకున్నాక, మూడు ప్రశ్నలు వెయ్యమనండి. షరతులతో ఇచ్చిన నిధుల మొత్తమెంత, ఆ డబ్బు ఇవాళ ఏ ఖాతాలో ఉంది? అది కాక మ్యూజియం సొంత డబ్బుతో ఎన్ని రోజులు నడవగలదు? ఇవాళ ఎన్ని ప్రదర్శనలు పనిచెయ్యడం లేదు? మొదటి రెండూ తెలియవని డైరెక్టరు అంటే కోశాధికారిని అడగండి. ఆయనకూ తెలియకపోతే ఆ సంగతే వార్తలో రాయండి. మూడోదానికి ఎవరినీ అడగక్కర్లేదు, గదుల్లో ఒకసారి తిరిగి అంటించిన కాగితాలు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

ఇట్లు,
లాభాపేక్ష లేని సంస్థల ఖాతాలు చూసే కొందరు పాఠకులు